ఇసుకబడి నుండి ఉపగ్రహము దాక

నెల్లూరు తీరమనగానే పెన్నానది పారుదల క్రింది వరిచేలు, పులికాటు సరస్సునకు ఏటేట వచ్చు వలసపక్షులు, శ్రీహరికోట నుండి నింగికెగయు రాకెట్లు మన మనస్సునకు తోచును. ఈ మూడింటిని గూర్చి చెప్పువారు చాలమంది కలరు. ఈ తీరమునకు సంబంధించిన నాల్గవ కథ యొకటి కలదు. దానిని చెప్పువారు తక్కువ. అది బడిలో గురువు చేతికి వచ్చిన సాధనముల కథ. ఇసుక, తాటాకు, పలక, నల్లబల్ల, రేడియో, టెలివిజన్, ఉపగ్రహము, నేటి ట్యాబు—ఇవి ఒకదాని వెనుక నొకటి వచ్చినవి. వచ్చిన ప్రతిసారియు పెద్దలు ఒకే మాట అనిరి: ఇక చదువు మారిపోవుననిరి. కొన్నిసార్లు మారినది, కొన్నిసార్లు మారలేదు. మారినప్పుడు ఏల మారినది, మారనప్పుడు ఏల మారలేదు అని విచారించినచో, జవాబు సాధనములో కంటె దానిని పట్టుకొన్న చేతిలో కనబడును. సాధనము వచ్చుట వేరు, దానిని వాడుటకు గురువు సిద్ధమగుట వేరు. ఈ రెండింటి నడుమనున్న దూరమే నేటి ప్రసంగమునకు విషయము.

మొదట ఇసుకతో ప్రారంభింతము. పూర్వము మన వీథి అరుగులపై సాగిన బడులలో పిల్లవాడు నేలమీద పరచిన ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెడివాడు. తప్పు వచ్చిన చోట అరచేతితో ఒక్కసారి రాచిన చాలును, పలక మరల సిద్ధము. ఖర్చు లేదు, విరుగుట లేదు. ఈ సామాన్యమైన పద్ధతి సముద్రములు దాటి పోయిన సంగతి చాలమందికి తెలియదు. ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశపు మతాచార్యుడు 1787లో మన దేశమునకు వచ్చి, 1789 నుండి 1796 వరకు మద్రాసులోని ఎగ్మూరున సైనికుల అనాథ బాలుర శరణాలయమునకు పర్యవేక్షకుడుగా ఉండెను. ఈ కోరమాండల్ తీరపు బడి యొకదానిలో పిల్లలు ఇసుకలో వ్రాయుచుండుట ఆయన చూచెను. అది ఆయనకు నచ్చెను. తన శరణాలయమున చిన్న తరగతికి ఆ విధముగనే అక్షరములు నేర్పుడని అచటి ఉపాధ్యాయునితో చెప్పెను. ఆ ఉపాధ్యాయుడు అది జరుగు పని కాదనెను. బెల్ వాదములోనికి దిగలేదు. జాన్ ఫ్రిస్కెన్ అను ఎనిమిదేండ్ల బాలునికి ఆ తరగతిని అప్పగించెను. ఆ బాలుడు పెద్ద ఉపాధ్యాయుడు కాదన్న పనిని చేసి చూపెను.

1797లో బెల్ ఈ అనుభవమును లండనులో గ్రంథముగా ప్రకటించెను. పిల్లలే పిల్లలకు నేర్పు ఈ పద్ధతికి 'మద్రాసు పద్ధతి' యని పేరు వచ్చెను. పదునాలుగేండ్లు గడచునప్పటికి, 1811లో, ఇంగ్లండున దీనిని దేశమంతట నెలకొల్పుటకు ఒక సంఘమే ఏర్పడెను. మన తీరపు ఇసుక అంతదూరము పోయినదని మనము గర్వింపవచ్చును. కాని కథలో రెండవ భాగము కూడ వినవలసి యున్నది. గురువును ప్రక్కకు పెట్టి, సాధనమును ఒక చిన్నవాని చేతికిచ్చి నడపిన ఆ బడులలో వల్లెవేత పెరిగెను, అర్థము తగ్గెను. పెద్దపిల్లవాడు తాను నేర్చినంతవరకే నేర్పగలడు. అటుపై వచ్చు ప్రశ్నకు వానివద్ద జవాబు లేదు. 1846 నాటికి ఇంగ్లండు ప్రభుత్వము ఆ మార్గమును సడలించి, శిక్షణ పొందిన ఉపాధ్యాయులను తయారుచేయు దారి పట్టెను. ఒప్పుకొనని ఉపాధ్యాయుని ఒప్పించుటకు మారుగా తప్పించుట సులభముగా కనబడును. ఆ సులభమునకు చెల్లింపవలసిన మూల్యము అర్ధశతాబ్దము తరువాత తెలిసినది.

ఇదే సమయమున మన ప్రాంతమున మరియొక ప్రయత్నము జరిగెను. మద్రాసు గవర్నరుగా నున్న సర్ తామస్ మన్రో 1822లో రాజధానిలోని జిల్లాలన్నిటి విద్యాస్థితిని విచారింపుమని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. నెల్లూరు కూడ ఆ జిల్లాలలో నొకటి. లెక్కలు వచ్చిన పిమ్మట 1826లో ఆయన వ్రాసిన అభిప్రాయపత్రము నేటికిని చదువదగినది. చదువు క్షీణించుటకు కారణము పిల్లల మందబుద్ధి యని ఆయన అనలేదు. ఉపాధ్యాయునికి నెలకు ఆరేడు రూపాయలకు మించి వచ్చుట లేదు, అంతమాత్రమునకు తగిన యోగ్యతగలవారు ఈ వృత్తికి ఎట్లు వత్తురు అని ఆయన ప్రశ్న. అందుచేత మద్రాసులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి, వారిని జిల్లా పాఠశాలలకు నెలకు పదునైదు రూపాయలపైనను, తహశ్శీలు పాఠశాలలకు తొమ్మిది రూపాయలపైనను పంపవలెనని ఆయన ప్రణాళిక. మరుసటి యేడు, 1827లో, మన్రో కలరాతో మరణించెను. ఆ వెనుక ఆ ప్రణాళికను మనసుపెట్టి నడపినవారు లేరు. పదేండ్లలోపలనే తహశ్శీలు పాఠశాలలు ఎత్తివేయబడెను. 1856లో మద్రాసున నార్మల్ స్కూలు నెలకొనువరకు ఉపాధ్యాయ శిక్షణకు స్థిరమైన నిలయము లేకపోయెను. ఆ పాఠశాలయే పిమ్మట సైదాపేట ఉపాధ్యాయ కళాశాలగా పేరొందెను. మన్రో చెప్పిన రెండు మాటలు మాత్రము నిలిచినవి: గురువునకు ముందుగా నేర్పవలెను, నేర్చిన గురువు ఆ పనిలో నిలిచియుండునట్లు వానికి జీవనము కల్పింపవలెను.

ఇక రేడియో. మద్రాసు నగరపాలక సంస్థ 1930 ఏప్రిల్ 1వ తేదీన ప్రసారములు ప్రారంభించినప్పుడే బడి జరుగు దినములలో సాయంకాలము అరగంట పిల్లలకై సంగీతపాఠములకును, కథలకును కేటాయించెను. 1938 జూన్ 16న మద్రాసు ఆకాశవాణి కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును వెలసినవి. నెల్లూరు ఈ రెండింటి నడుమ నున్నది. పాఠశాల ప్రసారములు విన్న తరములు ఈ తీరమున ఇప్పటికిని కలవు. రేడియో పాఠమునకు ఒక గుణము, ఒక లోపము కలవు. దేశములోని ఉత్తమ బోధకుని కంఠము ఏకోపాధ్యాయ పాఠశాలలోనికి వచ్చుట గుణము. ఆ కంఠము పిల్లవాని ముఖమును చూడలేకపోవుట లోపము. వానికి అర్థమైనదో లేదో దానికి తెలియదు. ఒక మాట మరల చెప్పుమని అడుగుటకు వీలులేదు. పాఠము ఎవరికొరకును ఆగదు.

ఆ లోపమును తీర్చగలవాడు ఒక్కడే. వాడు రేడియో ప్రక్కన నిలుచున్న ఉపాధ్యాయుడు. ప్రసారమునకు ముందు పది నిమిషములు అతడు పిల్లలను ఆ విషయమునకు మళ్ళింపవలెను. కొత్త మాటలను నల్లబల్లపై వ్రాయవలెను. ప్రసారము జరుగుచుండగా మౌనముగా పిల్లల ముఖములను పరిశీలింపవలెను. ముగిసిన పిదప ప్రశ్నలడిగి, విడిపోయిన ముడులను మరల కట్టవలెను. ఇది చూచుటకు చిన్నపనివలె నుండును. ఐదు తరగతులను ఒక గదిలో నడుపు మనిషికి ఇది చిన్నపని కాదు. ఎవరో నేర్పనిదే ఇది తనంత తాను వచ్చునది కాదు. నేర్పని చోట్ల ఏమి జరుగును? రేడియో మ్రోగుచుండగా పంతులుగారు హాజరుపట్టీ వ్రాసికొందురు. రేడియో బోధించుచున్నదని ఆయన భావించును, పిల్లలకు బోధించువాడు ఆ ఘడియలో ఎవడును లేడు.

రేడియో నేర్పిన ఈ పాఠమును మన దేశము టెలివిజన్ విషయమున మరువలేదు. ఆ చరిత్ర మనకు ముఖ్యమైనది. 1969 సెప్టెంబరులో భారత అణుశక్తి శాఖకును, అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాకును ఒక ఒడంబడిక కుదిరెను. దాని వెనుక నున్న ఊహ డాక్టర్ విక్రం సారాభాయిది. వెనుకబడిన దేశము ఒక్కొక్క మెట్టే ఎక్కనక్కరలేదు, ఉపగ్రహము ద్వారా తిన్నగా పల్లెకే టెలివిజన్ తీసికొనిపోవచ్చునని ఆయన నమ్మిక. ఆ నమ్మిక ఫలించుట చూడకయే 1971 డిసెంబరు 30న ఆయన కన్నుమూసెను. ఆయన అనుచరులు పని సాగించిరి. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, సరిగా ఒక సంవత్సరము, ఎ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహమును ఎరవు తెచ్చుకొని ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రములలోని దాదాపు 2400 గ్రామములకు కార్యక్రమములు పంపిరి. దీనినే 'సైట్' ప్రయోగమందురు. కోళ్ళగూటికి కట్టునటువంటి తీగవలతో చేసిన పదియడుగుల గిన్నె ఆకాశము వైపు నిలబెట్టి, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వారు చేసిన టెలివిజన్ పెట్టెలను దానికి తగిలించిరి. తెలుగు, కన్నడ గ్రామములకు బొమ్మ ఒక్కటియే. మాటలు మాత్రము రెండు భాషలలో వేరువేరుగా వచ్చెడివి. ఉదయము గంటన్నర పిల్లలకు, సాయంకాలము రెండున్నర గంటలు ఊరివారికి.

ఆంధ్రదేశమున ఈ ప్రయోగమునకు ఎన్నుకొన్న పల్లెలు ప్రధానముగా లోపలి మెట్టప్రాంతములవి. మన తీరమున గిన్నెలు నిలువలేదు. అయినను ఈ ప్రయోగములో మన విషయమునకు ప్రాణమైన భాగమొకటి కలదు. జాతీయ విద్యాపరిశోధన, శిక్షణ మండలి వారు, పిల్లలకు పాఠములు పంపిన చాలదు, ముందు గురువులకు పాఠములు పంపవలెనని సంకల్పించిరి. 1975 అక్టోబరులో పండ్రెండు దినములు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నిచ్చిరి. ఒక్క విడతలో సుమారు 24 వేలమంది, రెండు విడతలలో కలిపి సుమారు 48 వేలమంది ఇందు పాల్గొనిరి. అంతకు మునుపు ఇంతమంది గురువులకు ఒకేసారి ఒకే పాఠము చెప్పిన సందర్భము మన దేశమున లేదు.

ఆ శిక్షణను నడపిన తీరును గమనింపుడు. టెలివిజన్ ముందు కూర్చుండబెట్టి చూచి పొండని పంపలేదు. టెలివిజన్ కార్యక్రమము ఒక భాగము మాత్రమే. దానికి తోడు రేడియో ప్రసంగములు, అచ్చు పుస్తకములు, చేతితో చేసి చూడవలసిన ప్రయోగములు, చివరకు కూడి కూర్చుండి చర్చించు ఘడియలు ఉండెను. ప్రతి కేంద్రమునందును ముందుగా శిక్షణ పొందిన ఒక మార్గదర్శి యుండెను. సందేహము వచ్చినచో అడుగుటకు ఒక మనిషి గదిలోనే ఉన్నాడన్నమాట. దూరము నుండి వచ్చు కంఠమునకును, దగ్గరనున్న మనిషికిని ఇట్లు పొత్తు కుదిర్చిరి. ప్రయోగానంతరము జరిగిన పరిశీలనలలో ఈ శిక్షణ వలన ఉపాధ్యాయుల విజ్ఞానశాస్త్ర జ్ఞానము పెరిగినదని తేలెను. పిల్లల విషయమునకు వచ్చినచో, ఉదయపు కార్యక్రమములు చూచిన పిల్లలకు భాష మెరుగుపడినది, తెలిసికొనవలెనను కోరిక పెరిగినది. కాని బడిపాఠముల పరీక్షలలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఐదేండ్ల పిల్లవానికిని పండ్రెండేండ్ల పిల్లవానికిని ఒకే పాఠము చూపినప్పుడు, దానిని ఎవరి తరగతికి వారికి తగినట్లు విడమరచి చెప్పవలసిన భారము గురువుపైననే పడును. ఆ భారము మోయుటకు పండ్రెండు దినములు ఆరంభము మాత్రమే. సంవత్సరము నిండెను, ఎరవు తెచ్చిన ఉపగ్రహము తిరిగి పోయెను.

ఈ లోపల మన తీరమున మరియొక చరిత్ర మొదలైనది. పులికాటు సరస్సునకును, బంగాళాఖాతమునకును నడుమ, యానాదుల కాపురములున్న శ్రీహరికోట దీవిని 1969లో రాకెట్ కేంద్రమునకు ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న రోహిణి అను చిన్న రాకెట్టు మొదటిసారిగా ఇచట నుండి ఎగసెను. 1980 జూలై 18న మన సొంత వాహనము మన సొంత ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చిరకాలము ఆచార్యుడై, అంతరిక్ష సంస్థను నడపిన సతీష్ ధావన్ పేరు 2002లో ఈ కేంద్రమునకు పెట్టిరి. అది సెప్టెంబరు 5వ తేదీ, ఉపాధ్యాయ దినోత్సవము. ఈ కేంద్రము అర్ధశతాబ్దమునకు పైగా నెల్లూరు జిల్లాలో భాగమై యుండి, 2022 ఏప్రిల్ నుండి కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లా గీత మారినను తీరము మారలేదు.

ఆకాశమున ఈ పని జరుగుచుండగా నేలపై జరిగిన పనిని కూడ చెప్పవలెను. 1984 ప్రాంతమున బ్రిటిషు ప్రభుత్వ సహాయముతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకము మొదలై, 1989 నుండి 1996 వరకు రాష్ట్రమంతట వ్యాపించెను. చుట్టుప్రక్కల బడుల ఉపాధ్యాయులు ఒకచోట చేరి, తాము తరగతిలో చేసిన పనిని ఒకరికొకరు చూపుకొనుటకు ఉపాధ్యాయ కేంద్రములను ఆ పథకము ఏర్పరచెను. దానిలో యంత్రము లేదు. కత్తిరించిన అట్టలు, గింజలు, పుల్లలు, బొమ్మలు—ఇవే సాధనములు. కాని చేసిన పనిని తోటివారికి చూపి, వారి మాట విని, మరల చేయు అలవాటు అందు కలిగెను. 1986 నాటి జాతీయ విద్యావిధానమును అనుసరించి జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ ఏర్పడినది. నెల్లూరు జిల్లాకు ఆ సంస్థ పెన్నాతీరపు పల్లిపాడులో నున్నది. 1921లో గాంధీమహాత్ముడు ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమము గల ఊరు అదియే. ఈ సంస్థలకు నిర్దేశించిన విభాగములలో విద్యా సాంకేతిక విజ్ఞానమునకు ఒక ప్రత్యేక విభాగము చేర్చిరి. అనగా సాధనమును వాడుట నేర్పు బాధ్యత జిల్లాలోనే ఒక ఇంటికి అప్పగింపబడినది.

2004 సెప్టెంబరు 20వ తేదీ సాయంకాలము నాలుగు గంటలకు శ్రీహరికోట నుండి జి.ఎస్.ఎల్.వి. వాహనము 1950 కిలోల బరువుగల ఒక ఉపగ్రహమును మోసికొని పోయెను. దాని పేరు ఎడ్యుశాట్. విద్య కొరకే ప్రత్యేకముగా నిర్మించిన మన మొదటి ఉపగ్రహము అది. సారాభాయి ఎరవు ఉపగ్రహముతో కనదలచిన కల ముప్పదియేండ్లకు మన నేల నుండి, మన తీరము నుండి, మన వాహనముపై ఎగసినది. దేశము నలుమూలలకు వేరువేరుగా ప్రాంతీయ కిరణములు, దేశమంతకు ఒక కిరణము దానిలో అమర్చిరి. కొన్ని కేంద్రములు పాఠమును చూచుటయేకాక తిరిగి ప్రశ్నింపవచ్చును. రేడియోనాటి లోపము, అడుగుటకు వీలులేకపోవుట, ఇట్లు తొలగినది.

తొలగినదా? ఉపగ్రహము ఏడేండ్లు పనిచేయునని అంచనా. 2010 సెప్టెంబరులో దానిని విరమింపజేసిరి. 2013లో పార్లమెంటుకు సమర్పింపబడిన కాగ్ నివేదిక దీని వినియోగమును పరిశీలించి చెప్పిన మాటలు చేదుగా నున్నవి. నేలపై వలయములు ఆలస్యముగా ఏర్పడినవి. ఏర్పడినచోట్ల కొన్ని పనిచేయక నిలిచినవి. పంపుటకు తగిన పాఠములు చాలినన్ని లేవు. ఆకాశమున లోపము లేదు. వాహనము సకాలమున ఎగసినది, ఉపగ్రహము తన కక్ష్యలో నిలిచినది. ముప్పదియారువేల కిలోమీటర్లు పైకి పోయిన పాఠము, తిరిగి వచ్చి బడి గడప దాటుటకు తడబడినది. ఆ చివరి పదియడుగులు నడిపింపవలసినవాడు ఉపాధ్యాయుడు. ఆ నడకకు అతనిని సిద్ధపరచు పనికి రాకెట్టునకు పెట్టినంత గడువు, శ్రద్ధ, లెక్క పెట్టితిమా యని మనము ప్రశ్నించుకొనవలెను.

ఆ ప్రశ్న పాతబడలేదు. 2017 సెప్టెంబరు 5న కేంద్రప్రభుత్వము దీక్ష అను పేరుతో ఉపాధ్యాయులకు ఇంటర్నెట్టు వేదికను, 2019 ఆగస్టులో నిష్ఠ అను శిక్షణను ప్రారంభించెను. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడగా దూరదర్శన్ సప్తగిరి ద్వారా తెలుగు పిల్లలకు పాఠములు వచ్చినవి. ఫోను లేని ఇంట టెలివిజన్, టెలివిజన్ లేని ఇంట రేడియో ఆదుకొనవలసి వచ్చినది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారి ఉపాధ్యాయులకును పాఠములు నింపిన ట్యాబులు పంచినది. ఆ సంఖ్య 5 లక్షల 18 వేలకు పైబడి యున్నది. తరువాత తరగతి గదులకు తాకిన పలుకు పెద్ద తెరలు వచ్చినవి. ఇందులో గమనింపదగిన మంచి యొకటి కలదు: పిల్లలతోపాటు గురువులకును సాధనము ఇచ్చిరి. ఇంటికి తీసికొనిపోయి, ఎవరును చూడకుండ తప్పులు చేసి నేర్చుకొనుటకు వీలు కలిగినది. పెద్దవారికి ఆ వీలు చాల అవసరము. పిల్లల ముందు తడబడుదునేమోనను భయమే చాలమంది గురువులను కొత్త సాధనమునకు దూరముగా ఉంచుచున్నది.

అయినచో సిద్ధపరచుట యనగా నేమి? మీట ఎక్కడ నొక్కవలెనో చెప్పుట కాదు; అది ఒక పూట పని. ఒక ఉదాహరణము చూతము. నెల్లూరు తీరమున ఇసకపల్లి వంటి చోట్ల ఉప్పు పండింతురు. అట్టి ఊరి బడిలో ఐదవ తరగతికి నీరు ఆవిరియగుటను గూర్చి పాఠము. తెరపై ఆరు నిమిషముల చక్కని చిత్రము సిద్ధముగా నున్నది. సిద్ధపడని గురువు దానిని మొదటినుండి చివరివరకు చూపి, తెర ఆర్పును. సిద్ధపడిన గురువు ముందురోజుననే ఒక పళ్ళెములో సముద్రపు నీరు పోసి ఎండలో పెట్టించును. మరునాడు తెరపై నీరు ఆవిరియగుట సగము చూపి, ఆపి, పళ్ళెమును తెప్పించి, "అడుగున తెల్లగా నున్నదేమి?" అని అడుగును. ఉప్పుమళ్ళలో పనిచేయు తండ్రిగల పిల్లవాడు ఆ దినమున తరగతికి గురువగును. ఏ నెలలో ఉప్పు బాగుగా కట్టునో, వాన పడిన ఏమగునో వాడు చెప్పును. ఆ తరువాత మిగిలిన చిత్రము చూపిన, పిల్లలు దానిని తమ ఊరి సంగతిగా చూతురు. చిత్రము ఒక్కటే, తెర ఒక్కటే. తేడా ఎక్కడ ఆపవలెనో తెలిసియుండుటలో నున్నది. ఆ ఎరుకయే శిక్షణ ఇవ్వవలసినది.

అట్టి శిక్షణకు రెండువందల యేండ్ల మన అనుభవము కొన్ని గుర్తులు చూపుచున్నది. మొదటిది, సాధనము బడికి చేరకముందే గురువు చేతికి చేరవలెను. రెండవది, శిక్షణ ఒక వేసవిలో ముగియక, సైట్ మార్గదర్శివలె, ఉపాధ్యాయ కేంద్రమువలె, సందేహము వచ్చిన నాడు అడుగుటకు దగ్గరలో ఒక మనిషి యుండవలెను. మూడవది, సాధనము పనిచేయని దినమునకు కూడ గురువును సిద్ధపరచవలెను. ఇది తుపాను తీరము. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపమునను, 1989 నవంబరులో కావలి సమీపమునను తీరము దాటిన తుపానులను పెద్దలు మరువలేదు. విద్యుత్తు పోయిన వారము రోజులు తెర నల్లగా నుండును. ఆ వారము కూడ పాఠము నడువవలెను. పళ్ళెము, ఇసుక, నల్లబల్ల ఆనాడు గురువును విడువవు. నాల్గవది, మన్రో చెప్పినది: ఒకే గదిలో ఐదు తరగతులు నడుపుచు, బోధనేతరములైన పనుల భారము మోయు మనిషికి కొత్త పాఠము సిద్ధపరచుకొను గంట ఎవరో కల్పింపవలెను. కాలము ఇవ్వక సాధనము మాత్రమే ఇచ్చినచో, అది ఆయనకు మరియొక భారమే యగును.

ఎగ్మూరున ఆ పేరు తెలియని ఉపాధ్యాయుడు ఇసుకతో నేర్పుట జరుగదనినప్పుడు, ఎందుకు జరుగదని బెల్ అతనిని కూర్చుండబెట్టి అడిగియుండిన, చేసి చూపి, కొంత కాలమిచ్చి, మరల చేయించియుండిన, ఆ పద్ధతి చరిత్ర వేరుగా నుండెడిదేమో. అట్టి ఉపాధ్యాయులు నేటికిని మన బడులలో కలరు. వారు సోమరులని, కొత్తదనమునకు శత్రువులని తీర్పు చెప్పుట తేలిక. కాని వారు కాదనుటకు వెనుక ఒక కారణముండును. చాలసార్లు అది న్యాయమైన కారణమే. దానిని విని తీర్చువారే నిజముగా శిక్షణ ఇచ్చువారు. మన ఇండ్ల పిల్లలు బడి నుండి వచ్చి కొత్త తెరను గూర్చి చెప్పినప్పుడు, తెర ఎంత పెద్దదని అడుగుటతో ఊరకుండక, ఆ తెర ముందు మీ పంతులుగారు మిమ్ములను ఏమి అడిగిరని కూడ తల్లిదండ్రులు అడుగుదురు గాక. ఆ ప్రశ్నకు పిల్లవాడు ఉత్సాహముతో జవాబు చెప్పిన ఇంట, శ్రీహరికోట నుండి ఎగసిన ఉపగ్రహము తన గమ్యము చేరినట్లే.